తాళం వద్దన్న రాగిరేకు

1981వ సంవత్సరం. మదనపల్లెలో బస్టాండు వెనక వీధిలో నాకు మోటారు సైకిళ్ళ రిపేరు షాపు ఉండేది. కొత్త బండి కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాల్సిన కాలం అది. అంతగా ఎదురు చూసి తెచ్చుకున్న బండిని ఇంట్లో పెట్టుకోవడానికి చాలామందికి చోటు ఉండేది కాదు. వాకిట ఎత్తైన మెట్లు, సన్నటి తలుపు, లోపల శెనక్కాయల మూటలు. బండి వీధిలోనే నిలబడాలి. అందుకే బండి కొన్నవాడి ముఖంలో సంతోషం కంటే ముందు భయం కనబడేది. సినిమా హాల్లో కూర్చున్నవాడు ఇంటర్వెల్ దాకా ఆగలేక బయటికి వచ్చి బండిని చూసుకుని పోయేవాడు. పెళ్ళి భోజనాల్లో ఆకు ముందు కూర్చుని, మెడ తిప్పి తిప్పి వీధివైపు చూసేవాళ్ళను నేనెరుగుదును.

ఆ భయానికి నా పనిలో కొన్ని మందులున్నాయి. ఇగ్నిషన్ తాళం, అంటే ఇంజనుకు కరెంటు అందనిచ్చే తాళం, నాలుగేళ్ళు వాడితే లోపల అరిగిపోతుంది. అరిగిన తాళానికి పక్క బండి చెవి కూడా పడుతుంది. హ్యాండిల్‌ను ఒక పక్కకు బిగించే హ్యాండిల్ లాక్ ఉంటుంది గానీ, బలమైన మనిషి గట్టిగా గుంజితే అది విరుగుతుంది. అందుకని నేను ఛాసిస్‌కు, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రానికి, ఒక రింగు వెల్డింగ్ చేసి, అందులోంచి గొలుసు పోనిచ్చి స్తంభానికో కిటికీ ఊచకో కట్టమనేవాణ్ణి. చక్రానికి కడితే చక్రాన్ని విప్పి వదిలేసి, మిగతా బండిని ఎత్తుకుపోతారు. సీటు కింద, చేతికి తప్ప కంటికి దొరకని చోట కట్-ఔట్ స్విచ్ పెట్టేవాణ్ణి. అది ఆపితే ఎన్ని కిక్కులు కొట్టినా ఇంజను పలకదు. ఇవేవీ దొంగను పూర్తిగా ఆపలేవు. ఆలస్యం చేస్తాయి, అంతే. నడివీధిలో పని చేసుకునే దొంగకు ఆలస్యాన్ని మించిన శత్రువు లేదు.

పుంగనూరులో చింతపండు మండీ నడిపే రెడ్డెప్ప బండికి ఈ ఏర్పాట్లన్నీ నేనే చేశాను. మండీ ముందు ఎప్పుడూ లారీలు, కూలీలు. సంత రోజైతే చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా ఆ వీధిలోనే. అక్కడ బండి పెట్టి లోపల తూకం చూసుకునే మనిషికి రింగు, గొలుసు, స్విచ్చు మూడూ అవసరమేనని చెప్పి బిగించాను. కొన్నాళ్ళకు ఆయిలు డబ్బా కొనుక్కోవడానికి మళ్ళీ వచ్చాడు. చూస్తే రింగు ఖాళీగా ఉంది.

"గొలుసు యాడ రెడ్డెప్పన్నా?"

"ఇంట్లో ఎద్దుకు కట్టేసినా. బలే గొలుసప్పా నీది! ఎంత గుంజినా తెగల్యా."

"మరి బండికి?"

ఆయన హెడ్‌లైటు కింద చూపించాడు. అరచేయంత రాగిరేకు. దాని మీద గళ్ళు, గళ్ళలో అక్షరాలు. పైన ఎర్రగుడ్డ, కింద నిమ్మకాయ. ఇనుప తీగతో గట్టిగా బిగించి ఉంది.

"కుప్పం అవతల కొండ కింద ఒక సామి ఉండాడు. ఆయన ఈ యంత్రం కట్టిచ్చినాడు. నేను తప్ప ఎవురు ముట్టుకున్నా నెత్తురు కక్కోని సావల్సిందే. ఇంకో అమాస సూడరు."

"సరే, రేకూ ఉండనీ, గొలుసూ ఉండనీ. రెండూ ఉంటే పోయేదేముంది?"

ఆయన భయంగా బండి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అట్ల అనగాకప్పా, దాని ముందర. తాళమేసినా, స్విచ్చు ఆపినా దానికి కోపమొస్తాది. నన్ను నమ్మకుండా ఇనుమును నమ్మినాడే అని అలుగుతాదంట. సామి గట్టిగా చెప్పి పంపినాడు."

పాఠకులు ఈ వ్యాపారంలోని తెలివిని ఒకసారి గమనించాలి. తాళం కూడా వేసుకోమంటే, బండి భద్రంగా ఉన్న ప్రతిరోజూ ఆ ఘనత రేకుదా తాళానిదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని తాళాన్నే నిషేధించాడు. బండి ఉంటే రేకు మహిమ. పోతే నీ నమ్మకంలో లోపం. నష్టం వచ్చే దారులన్నీ కొనేవాడి వైపు తెరిచిపెట్టి, తన వైపు మూసుకున్న వ్యాపారి ఇంకెక్కడైనా ఉన్నాడా? నేను అమ్మే గొలుసు తెగితే నా షాపు ముందుకొచ్చి నా కాలర్ పట్టుకుంటారు. సామి కాలర్ పట్టుకునేవాడు లేడు. ఆయనకు చొక్కాయే లేదు.

ఆ మాట రెడ్డెప్పతో అన్నాను. ఆయన నవ్వలేదు. "నీ నోరు అట్లాంటిది మేస్త్రీ. ఏదో ఒక దినం నీకూ తెలుస్తాది" అని వెళ్ళిపోయాడు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రేకు పని చేసింది. ట్యాంకులకు టంకం వేయించే పని మీద నేను తరచుగా పుంగనూరు వెళ్ళేవాణ్ణి కనుక కళ్ళారా చూశాను. రెడ్డెప్ప సంతలో అందరికీ వినబడేటట్టు దాని శక్తి చెప్పి పెట్టాడు. ఆ బండి పక్కన కూరగాయల గంప దించేవాళ్ళు లేరు. చౌడేపల్లె నుంచి పాల క్యాన్లు తెచ్చే మనిషి సైకిలు దిగి, ఎదుటి పక్కకు మారి నడిపించుకుని పోయేవాడు. తల్లులు బిడ్డల రెక్క పట్టుకుని లాగేవాళ్ళు. పట్టపగలు, జనం మధ్య, ఆ బండి చుట్టూ మాత్రం ఖాళీ. ఆ ఖాళీని చూస్తే నాకే ఒళ్ళు గగుర్పొడిచేది.

మండీకి ఎదురుగా, మూసేసిన అంగడి వసారాలో మస్తాన్ కూర్చునేవాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయడం అతని పని. చిన్న కొలిమి, తోలుతిత్తి, తగరం ముక్కలు. గిన్నెను ఎర్రగా కాల్చి నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచి అతని ముఖాన్ని కప్పేసేది. కారే పెట్రోలు ట్యాంకులను నేను అతని దగ్గరికే తెచ్చేవాణ్ణి. మాట తక్కువ. "మళ్ళా కారితే నా పేరు మార్చన్నా" అనేవాడు, దగ్గుతూ. ఆ దగ్గు కొలిమి పొగ వల్లనే అని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం అతని భార్య ఖైరూన్ మదనపల్లెలో నా షాపు ముందు నిలబడింది. బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చినట్టుంది. ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది తప్ప లోపలికి రాలేదు.

"అన్నా, ఆ బండికి నువ్వే కదా పనులు చేసిండేది? దాని ఇసం నీకు తెలుస్తాది కదా? దిగే మందేమన్నా ఉంటే చెప్పన్నా."

"ఏ బండి? ఏం జరిగింది మా? కూర్చో ముందు."

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వానకు ముందు గాలి లేచిందట. మండీ ముందు లారీ ఉందని వసారా పక్కన నిలిపిన రెడ్డెప్ప బండి స్టాండు మట్టిలో దిగి, పక్కకు వాలి, దబ్బుమని కొలిమి వైపు పడింది. ట్యాంకు మూతలోంచి పెట్రోలు కారుతూ నిప్పు వైపు పాకుతూ వచ్చింది. "నీళ్ళు పోస్తే ఇంకా పారతాదని ఈయన ఉరికిపోయి బండిని లేపి పెట్టినాడన్నా. రెండు చేతుల్తో. లేపినాక గుర్తొచ్చింది, అది ఆ బండి అని."

అంతటితో పోయుంటే బాగుండేది. ఆ తర్వాత కొద్దిరోజులకే మిట్టమధ్యాహ్నం మండీ ముందు నుంచి బండి మాయమైంది. ఆ వారంలోనే మస్తాన్ కొలిమి ముందు దగ్గుతూ దగ్గుతూ బూడిదలో ఉమ్మితే, బూడిద ఎర్రగా ముద్దయింది.

"పక్కింటామెకు చెప్పుకుంటిని, ఇట్ల ముట్టుకున్యాడు, ఏం చేసేది అని. నా నోరు కాలా! పొద్దు మునిగేలోపల వీధంతా పాకిపాయ. ముట్టుకున్యాడంట, నెత్తురు కక్కుతాండాడంట, ఈడే దొంగ అంటాండారు. పాలాయన మా ఇంటికి పాలు పొయ్యల్యా. బిడ్డలను కొళాయి కాడికి రానీరు. సంత దినం ఆ సామిని పిలిపిస్తారంట. ఈయన అరచేతిలో కర్పూరం ఎలిగించి బండి యాడ పెట్టినావో చెప్పమంటారంట."

"ఆస్పత్రికి తీసుకుపోయినారా?"

"రానంటాడు. ఇది మందులకు తగ్గేది కాదు, గమ్మునుండు అంటాడు. అన్నం తినేది మానేసినాడన్నా. గోడ తట్టు తిరిగి అమాస ఎప్పుడని అడగతాండాడు."

వెంటనే షాపు మూసి ఆమెతో పుంగనూరు బస్సెక్కాను. దారిపొడుగునా నన్ను పట్టుకున్న భయం సామి గురించి కాదు. గుంపు గురించి. ఒక మనిషిని దొంగ అని నమ్మిన గుంపు ఎంతదూరం పోతుందో నాకు తెలుసు. వాడు దేవుడి చేత పట్టుబడిన దొంగ అని నమ్మితే, ఇక వాళ్ళ చేతులకు అడ్డం ఉండదు. తాము కొడుతున్నామని కూడా అనుకోరు.

మస్తాన్ ఇంట్లో చీకటి గదిలో చాప మీద పడుకుని ఉన్నాడు. మెడలో దర్గా తాయెత్తు, నుదుట గుళ్ళోంచి ఎవరో తెచ్చిన కుంకుమ. భయానికి మతం లేదు. ఎవరు ఏమిచ్చినా పూసుకుంటుంది. నన్ను చూసి లేవబోయి దగ్గాడు. నోటికి పెట్టుకున్న గుడ్డను వెంటనే మడిచి దిండు కింద దాచాడు.

"మస్తానూ, నువ్వు ఆ బండి లేపకుంటే వీధి వీధంతా అంటుకునేది. నువ్వు చేసింది మంచి పని కదా. మంచి పని చేసినవాణ్ణి చంపుతుందా ఆ రేకు?"

"దానికి అదంతా తెలుస్తాదా అన్నా? ముట్టుకున్న చెయ్యే దానికి లెక్క."

"నీది క్షయ అయి ఉంటుంది. మందులున్నాయి. మన మదనపల్లెలోనే పెద్దాస్పత్రి ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి బాగుచేసుకుని పోతున్నారు."

"వాళ్ళది జబ్బన్నా. నాది జబ్బు కాదు."

అక్కడి నుంచి మండీకి వెళ్ళాను. రెడ్డెప్ప తక్కెడ పక్కన కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు. నన్ను చూడగానే ఒకడు, "వచ్చినాడప్పా దేవుడు లేడనే మేస్త్రీ! గొలుసులు అమ్ముకునేదానికి మంచి సమయం చూసుకోని వచ్చినాడు" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. రెడ్డెప్ప నవ్వలేదు. కళ్ళ కింద నల్లబడి, మనిషి నిద్రలేనట్టు ఉన్నాడు.

"పోలీసులకు చెప్పినావా రెడ్డెప్పన్నా?"

"చెప్పల్యా. చెప్తే తాళమేసినట్టే కదా? యంత్రమే పట్టిస్తాది, పట్టించింది కూడా. ఈడ నెత్తురు కక్కుతాండాడు కదా, కండ్లకు కనపడల్యా నీకు?"

"పట్టిస్తే బండి ఎక్కడ? లేవలేని మనిషి బండిని ఎక్కడ దాస్తాడు? సంతకు ఇంకా గడువుంది. నాతో కుప్పం రా. అక్కడ దొరక్కపోతే ఆ తర్వాత నీ ఇష్టం."

కుప్పమే ఎందుకంటే, మా పక్క పోయిన బండ్లు చాలావరకు అక్కడే తేలేవి. రైలు ఉంది. అటు పోతే బెంగళూరు, ఇటు పోతే మద్రాసు. రెండు రాష్ట్రాల సరిహద్దులూ కూతవేటు దూరంలోనే. దొంగ బండిని అక్కడిదాకా తోలి, అమ్మేసి, రైలెక్కేస్తాడు. కుప్పంలో ఆర్ముగం అనే నా తోటి మెకానిక్ ఉన్నాడు. నేను ఛాసిస్‌కు వేసే రింగును చూస్తే అతను గుర్తుపడతాడు.

బండి మీది ఆశ రెడ్డెప్పను లేపింది. బస్సు గంగవరం, పలమనేరు దాటింది. ఆ తర్వాత ఆయన నా చెవి దగ్గర మెల్లగా, "మేస్త్రీ, ఎవురికీ చెప్పగాకు. ఒక దినం వాయల్పాడుకు పోయినప్పుడు, ఆడ కొత్త జాగా కదా అని, హ్యాండిల్ లాక్ ఏసినా. ఒక్క దినమే. దానికే అలిగిందేమో? బండి తీసినోడు మస్తాన్ కాకపోతే, దాని కోపం నా ఇంటి మీదికి వస్తాదేమో? నా కోడలికి నెలలు నిండినాయి" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. మస్తాన్ దొంగ అయి తీరాలని ఈయన పట్టుబట్టింది పగతో కాదు. మస్తాన్ కాకపోతే ఆ రేకు తరువాతి చూపు తన గడప మీదే పడుతుందని. ఒకణ్ణి కరిచిన పాము ఇంకొకణ్ణి కరవదనుకునేంత భయం.

ఆర్ముగం షాపులో మేం అడగాల్సిన పని లేకుండా పోయింది. నన్ను చూడగానే, "వాప్పా! నీకే మనిషిని పంపాలనుకుంటాండా. నీ రింగు వచ్చింది, పోలీసు స్టేషన్లో ఉండాది" అన్నాడు. ఎవడో కుర్రవాడు బండి తెచ్చి, ఆ రింగు కోసేయమని, కొత్త తాళం చెవి చేసిమ్మని అడిగాడట. ఆర్ముగం టీ చెప్పి కూర్చోబెట్టి, వెనక దారిలో పోలీసులకు కబురు పంపాడు. నంబరు ప్లేటు మార్చి ఉండటం వల్ల, బండి పోయిందని ఎక్కడా ఫిర్యాదు లేకపోవడం వల్ల, అది ఎవరిదో పోలీసులకు తెలియలేదు. చూశారా? పోలీసులకు చెబితే రేకు అలుగుతుందన్న ఆ ఒక్క మాట ఎంత దూరం వచ్చిందో. దొంగ లాకప్పులో, బండి స్టేషన్ ముందు. పుంగనూరులో మాత్రం ఒక నిర్దోషి చావుకు సిద్ధమవుతున్నాడు.

స్టేషన్ ముందు బండిని చూశాం. ఎర్రగుడ్డ లేదు, నిమ్మకాయ లేదు. రాగిరేకు మాత్రం ఇనుపతీగతో అట్లే ఉంది. అనుమతి తీసుకుని లాకప్పు దగ్గరికి వెళ్ళాం. ఇరవై దాటిన కుర్రవాడు, బెంగళూరు వైపు వాడు. గోడకు ఆనుకుని ఆనందంగా పల్లీలు తింటున్నాడు.

నేను అడిగాను. "ఆ బండికి కట్టిన రేకును చూడలేదా?"

"యాది? ఆ తగడా? చూస్తిని సార్. తోలేటప్పుడు లొడలొడమని ఒకటే సద్దు. పీకిపారేద్దామంటే తీగ రాలా."

"నిమ్మకాయ?"

"మంచి నిమ్మకాయ సార్, రసముండేది. పలమనేరు దాటినాక సోడా కొట్టించుకోని అందులో పిండుకున్యా."

"తాగినాక ఏం కాలేదా నీకు?"

"ఆకలైంది సార్."

కానిస్టేబులు పగలబడి నవ్వాడు. రెడ్డెప్ప ఊచలు పట్టుకుని ముందుకు వంగి, చాలా నెమ్మదిగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నీకు భయం కాలేదా అబ్బోడా?"

"అయ్యింది సార్. పోలీసులంటే నాకు చిన్నప్పట్నుంచీ భయమే."

పూచీకత్తు కాగితాలు అయ్యి బండి చేతికి వచ్చేసరికి మరుసటి రోజు అయింది. రెడ్డెప్ప దాన్ని ముట్టుకోలేదు. "నువ్వే తోలప్పా" అన్నాడు. అప్పుడు ఒక సంగతి జరిగింది. బండి హ్యాండిల్ పట్టుకోబోయిన నా చేయి ఒక్క క్షణం ఆగింది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మేం పెట్టే ఎన్నో సభల్లో ఇలాంటి రేకుల్ని చేత్తో పట్టుకుని చూపించినవాణ్ణి. అయినా బూడిదలో ఎర్రటి ముద్ద కళ్ళ ముందు కదిలింది. నా లోపలి నుంచి కాదు, ఇన్నాళ్ళూ నా చుట్టూ ఉన్నవాళ్ళ నుంచి అంటుకున్న చలి అది. బండి ఎక్కి కిక్కు కొట్టాను. రెడ్డెప్ప వెనక కూర్చుని నా నడుము గట్టిగా పట్టుకున్నాడు.

దారిలో నా వాదనంతా సిద్ధం చేసుకున్నాను. ముట్టుకున్న దొంగ హాయిగా ఉన్నాడు. నిమ్మరసం తాగినా ఏమీ కాలేదు. కాబట్టి రేకులో శక్తి లేదు. కాబట్టి మస్తాన్‌ది జబ్బు. కాబట్టి మందు. ఇంతకంటే తిరుగులేని వాదన ఏ సభలోనూ నాకు దొరకలేదు.

మస్తాన్ ఇంటి ముందే బండి ఆపాను. వీధి వీధంతా కదిలి వచ్చింది కానీ దూరంగానే నిలబడింది. రెడ్డెప్ప దిగి, అందరి ముందూ గట్టిగా చెప్పాడు. "మస్తాన్ దొంగ కాడప్పా. దొంగ కుప్పంలో ఉండాడు. నా కండ్లతో చూసొచ్చినా." ఆ మాట చెప్పినందుకు నేను ఆ మనిషిని ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "వానికి ఏమీ కాలేదంటే, వాని జాతకం అట్లాంటిదేమో" అని గొణుక్కున్నాడు.

లోపలికి వెళ్ళి మస్తాన్‌కు అంతా చెప్పాను. నిమ్మకాయ సోడా సంగతి కూడా. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. దొంగ కాదని తేలినందుకు కన్ను మూలన నీళ్ళు వచ్చాయి. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"వానికి తెలీదు కదన్నా."

"ఏం తెలీదు?"

"ముట్టుకుంటే సస్తారని వానికి తెలీదు. నాకు తెలుసు. తెలిసి ముట్టుకుంటి."

రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను. నా గొంతు నాకే సభలో మాట్లాడుతున్నట్టు వినిపించింది. అతను ఓపికగా విని, "నువ్వు మంచోడివన్నా" అని గోడవైపు తిరిగాడు. వీపు ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. ఒక్కో శ్వాసకూ చొక్కా కింద అవి లేచి పడుతున్నాయి. ఈ మనిషి నా కళ్ళ ముందే, మందులున్న ఊరికి ఒక బస్సు దూరంలో చనిపోతాడు.

ఖైరూన్ అంతవరకూ తలుపు దగ్గర నిలబడి వింటోంది. గబగబా బయటికి నడిచింది. వీధిలో ఎవరో, "ఏయ్, యాడికి మా! వద్దు, వద్దు!" అని అరిచారు. నేను పరుగెత్తి వచ్చేసరికి ఆమె బండి ముందు నిలబడి ఉంది. రెండు చేతులతో రాగిరేకును పట్టుకుని ఉంది. తీగ అంచుకు కోసుకుని అరచేతిలోంచి రక్తం కారుతోంది. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఒక ముసలామె ఏడుపు అందుకుంది.

ఖైరూన్ ఆ చేతులతోనే లోపలికి వచ్చి, మస్తాన్ ముఖాన్ని పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"సూడు. నేనూ పట్టుకున్యా. తెలిసే పట్టుకున్యా. ఇప్పుడు ఇద్దరమూ ఒకటే. నేను దగ్గేదాకా నువ్వు మందు తిను. నేను దగ్గిన దినం మానేయి, ఇద్దరమూ పోదాం. అంతదాకా నువ్వు పోయేదానికి లేదు. బిడ్డలను ఎవురి మొహాన పారేసి పోతావు?"

మస్తాన్ ఆమె చేతుల వంక చూశాడు. మాట తక్కువవాడు, ఎప్పుడూ కళ్ళు పైకెత్తి మాట్లాడనివాడు, "ఏం చేస్తివే! ఎంత పని చేస్తివే!" అని బిగ్గరగా ఏడ్చాడు. ఆ ఏడుపులోనే మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఈసారి గుడ్డ దాచలేదు.

రెడ్డెప్ప మండీ లారీని వాకిట్లోకి పిలిపించాడు. మస్తాన్‌ను మదనపల్లె పెద్దాస్పత్రికి అందులోనే తీసుకుపోయాం. ఊపిరితిత్తి ఒకవైపు బాగా చెడిందని, ఇంకొన్నాళ్ళు ఆలస్యమై ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. సూదిమందు, మాత్రలు, గుడ్లు, పాలు. నెలలు పట్టింది. మళ్ళీ తిత్తి ఊదే బలం అతనికి రాలేదు. కొలిమి ముందు ఖైరూన్ కూర్చుంది, అతను పక్కన కూర్చుని గిన్నెలు తోమి ఇచ్చేవాడు. కానీ బతికాడు.

అతను ఆస్పత్రిలో ఉండగా, చూడ్డానికి వచ్చిన ఖైరూన్ ఒకసారి తిరిగి పోతూ నా షాపు దగ్గర ఆగింది. నేను ఎంతో ఉత్సాహంగా, "మా, ఆ రోజు ఆ వీధిలో అంతమంది జనంలో మూఢనమ్మకం లేని మనిషివి నువ్వొక్కదానివే. మా సభకు వచ్చి రెండు మాటలు చెప్పాలి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"నమ్మకం లేదని నీకెవురు చెప్పినారన్నా? సస్తాననే పట్టుకున్యా. ఆయప్ప ఒక్కడే సావగూడదని పట్టుకున్యా. పట్టుకున్న దినం నుంచి ఆ అమాస పోయేదాకా నాకు నిద్దర లేదు. గొంతులో రవ్వంత గరగరమన్నా నోట్లో గుడ్డ కుక్కుకొంటాంటి. ఆస్పత్రికి పోతే ఆయప్ప నా మొహం సూడడు, ముందు నా గొంతు సూస్తాడు. నేను దగ్గితే మందు మానేస్తాడు కదా? సభలో ఏం చెప్పేది నేను? నాకిప్పటికీ ఆ రేకంటే భయమే."

ఆమె బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది.

వీధిలో పెట్టే బండిని ఎట్లా కాపాడుకోవాలని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఛాసిస్‌కు గొలుసు వేసి కదలని దానికి కట్టండి. పెట్రోలు ట్యాపు మూయండి. దాచిన స్విచ్చు ఒకటి పెట్టించుకోండి. పోతే ముందు పోలీసులకు చెప్పండి. దొంగ చేతిని ఆపే పని ఇనుముకే ఇవ్వండి. భయానికి ఇవ్వకండి. భయం వేసే తాళం దొంగకు పట్టదు. జన్మలో దొంగతనం చేయని మస్తాన్‌కే పడుతుంది. అలాంటి తాళానికి చెవి చేయడం నాకు చేతకాలేదు.

ఇది దుకాణదారుడిగా నేర్చుకున్నది. వాదించేవాడిగా నేర్చుకున్నది వేరు. ఎన్నో ఏళ్ళుగా నేను భయం లేనివాడి ధైర్యంతో భయపడేవాళ్ళ ముందు మాట్లాడాను. నా ధైర్యానికి నేను పెట్టిన ఖర్చు ఏమీ లేదు. దాన్ని చూసి భయం వదులుకోమని నేను ఎవరినైనా ఎలా అడగగలను? సామిల మీద నా కోపం తగ్గలేదు. ఈ వ్యాసం చదివాక మీది పెరిగితే సంతోషిస్తాను. కానీ ఆనాటి నుంచి, రేకు కట్టుకున్న మనిషి ఎదురైతే రుజువేదని మొదట అడగడం మానేశాను. ఎవరికి ఏమవుతుందని నీ భయం అని అడుగుతున్నాను. దానికి వాళ్ళు చెప్పే జవాబు విన్న తర్వాతే నా మాట మొదలుపెడుతున్నాను.